నీళ్లాయన సొరుగు

జూన్ 3, మంగళవారం

మామయ్యకు,

ఫోన్ చేస్తే అత్తయ్య "మీ మామయ్య బాగున్నారు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. ఉత్తరం రాస్తే మీరు నాలుగు పేజీలు తిడతారు. నాకు ఇదే బాగుంది. గొంతు ఆపరేషన్‌తో మీకు మాట పోయిన ఈ పద్దెనిమిది నెలల్లో మీతో మాట్లాడినంత నేను అంతకు ముందు పదేళ్లలో మాట్లాడలేదు.

ఈసారి మీరు ఒక సందేహం తీర్చాలి. ఒక వీధిలో కుళాయి తిప్పితే నీళ్లకు బదులు నిన్నటి మాటలు వస్తున్నాయి. ముందు రోజు ఆ వీధిలో ఎవరెవరు ఏమనుకున్నారో అంతా బకెట్‌లోకి పడుతోంది. ఎక్కడి లైను నుంచి వస్తున్నాయో ఎలా కనుక్కోవాలి?

నాకు మతి పోలేదు, ఇదొక ఆట. రెండు నెలల క్రితం మా ఊరి లైబ్రరీలో లిఫ్టు ఆగిపోతే బాగుచేయడానికి వెళ్లాను. లోపల ఇరుక్కున్నది లైబ్రేరియన్ గారే. బయటికి లాగిన గంటలోపే ఆవిడ నన్ను ఆటకు పిలిచారు. మూతపడిన ఒక ఫొటో స్టూడియో మేడ మీద గది ఉంది. అక్కడ ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటాం. ఆడేవాళ్లం పదకొండు మందిమి. ఆటను నడిపేది ఆవిడ.

కథ జరిగేది మన ఊళ్లలాంటి ఊళ్లోనే. బస్సులు, ఆఫీసులు, కరెంటు కోతలు అన్నీ ఉంటాయి. కాకపోతే అక్కడ మెట్ల కిందా గోడల మధ్యా మామూలు కంటికి కనపడనివి కూడా కాపురం ఉంటాయి. ఒక్కొక్కరం ఒక మనిషిని కల్పించుకుని ఆ మనిషిగా మాట్లాడతాం. నాకక్కడ తొంభై ఏళ్లు, కొరియర్ పని. ఎక్కడ ఏం జరుగుతోందో ఆవిడ చెబుతారు, మేం ఏం చేస్తామో చెబుతాం, కుదురుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. పోయిన ఆదివారం నేను ఏడో అంతస్తు నుంచి పడ్డాను, ఏమీ కాలేదు. పాపం, మా దర్జీకి నీడ పోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు వీధివీధికీ నీళ్లు వదిలిన మనిషి నాకు మేనమామ అయి ఉండగా వేరే ఎవరిని అడగను?

మీ కోడలు

---

జూన్ 9, సోమవారం

చిట్టీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అర్థమైనవి రెండు. నువ్వు ఏడో అంతస్తు నుంచి పడ్డావు, నీకేం కాలేదు. మీ అత్తయ్యకు ఆ మొదటి ముక్క వరకే చూపించాను. అంతే, వెంటనే నీకు ఫోన్ చేస్తానని లేచింది. ఆటలో అని కాగితం మీద రాసి చూపించేసరికి చేతిలో గరిటె నేల మీద ఉంది. ఇకమీదట ఇలాంటివి ముందు 'ఆటలో' అని రాసి ఆ తర్వాత పడు.

పాచికలంటున్నావు. ఏం ఒడ్డుతున్నారు? ఆ దర్జీ సంగతి కూడా కాస్త వివరంగా రాయి. నీడ పోవడమంటే కంటి జబ్బా? కళ్లు మసకబారాయని మీ అత్తయ్య అంటోంది, వయసైన దర్జీలకు అది మామూలేనట.

ఇక నీ సందేహం. నిన్నటి మాటలు నేనెప్పుడూ వదల్లేదు. నీళ్లయితే చెప్పగలను. భూమిలో లైను ఎక్కడ కారుతోందో తెలియాలంటే తవ్వుకుంటూ పోరు, వింటారు. నడుము ఎత్తు ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది. దాని ఒక కొన వాల్వు తల మీద ఆనించి, రెండో కొనకు చెవి వెనక ఎముక ఆనిస్తాం. నీళ్లు పారితే ఒక శబ్దం, కారితే ఒక శబ్దం. పారే నీళ్లు గుయ్యిమంటాయి. కారే నీళ్లు సన్నగా, పళ్ల సందుల్లోంచి ఈల వేసినట్టు ఉంటాయి. ఈల ఏ వాల్వు దగ్గర గట్టిగా వినిపిస్తే కన్నం దానికి దగ్గర్లో ఉన్నట్టు. వీధిలో మనిషి నోరు మెదపకుండా ఉండాలి. మేం ఆ పని తెల్లవారుజామున చేసేవాళ్లం.

మాటలు కారుతుంటే ఎలా వినిపిస్తాయో మరి. తెలిస్తే నాకు రాయి. నేను ఎవరి ఇంటికీ పోవడం లేదు, తీరిక బోలెడుంది.

మామయ్య

---

జూన్ 16, సోమవారం

మామయ్యా,

దర్జీకి కళ్లు దివ్యంగా ఉన్నాయి. నీడ పోయింది ఆటలో. ఆయన నిజంగానూ దర్జీయే, ఆటలోనూ దర్జీయే, అందుకే తికమక. అత్తయ్య పరామర్శ చెప్పాను, చాలా సంతోషించాడు. ఒడ్డేవి మా ప్రాణాలే, అవీ కల్పించుకున్నవే.

మీ కడ్డీ బల్ల దగ్గర ఎంత పని చేసిందో చెప్పలేను. స్కూలు బస్సు నడిపే అక్క ఒకావిడ ఉంది, గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఆవిడ ఆటలో కడ్డీ పట్టుకుని పదిహేడు వాల్వుల మీద చెవి పెట్టింది. కారే మాటలు ఎలా వినిపిస్తాయని మీరడిగిందే లైబ్రేరియన్ గారిని అడిగాను. ఆవిడ, పక్కగదిలో ఎవరో మన పేరు అన్నారేమో అనిపిస్తుందే, అలా ఉంటుందన్నారు. గదిలో అందరికీ ఒళ్లు జలదరించింది.

కానీ ఈ ఆట ఎన్నాళ్లు సాగుతుందో తెలియడం లేదు. పదకొండు మందిమి ఒకేసారి మాట్లాడతాం. బస్సు అక్క ఒక వైపు, దర్జీ ఒక వైపు. పళ్ల డాక్టర్ దగ్గర పని చేసే ఒకమ్మాయి ఉంది, మూడు వారాలుగా ఒక్క మాట కూడా అనలేదు. నోరు తెరిచేలోపు ఎవరో ఒకరు అందుకుంటారు. ఇలాంటి ఆటలు ఐదారుగురికే బాగుంటాయట. అందుకని లైబ్రేరియన్ గారు ఐదుగురిని తగ్గించాలనుకుంటున్నారు. చివర చేరింది నేనే కాబట్టి మొదట పోయేదీ నేనే. ఈ వయసులో స్నేహితులు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఆదివారం వస్తే నాకు ఇప్పుడు పొద్దున్నే మెలకువ వస్తోంది.

మీ కోడలు

---

జూన్ 23, సోమవారం

చిట్టీ,

మీ లైబ్రేరియన్ గారికి నా మాటగా చెప్పు. జనం ఎక్కువై నీళ్లు అందడం లేదని ఎవరైనా సగం ఇళ్లకు పైపులు కోసేస్తారా?

నా కింద తొమ్మిది పేటలు ఉండేవి. ట్యాంకు ఒక్కటే. అన్ని వాల్వులూ ఒకేసారి తెరిస్తే ఎవరికీ సరిగా ఎక్కవు. పల్లంలో ఉన్న వాళ్లకు ధారగా పడతాయి, గట్టు మీద వాళ్లకు కుళాయి దగ్గుతుంది. అందుకే వంతులు. ఈ మూడు పేటలకు గంట, తర్వాత వాటిని కట్టి ఆ మూడింటికి గంట. తమ వంతు కానివాళ్లు ఊరికే కూర్చోరు. బిందెలు కడుక్కుంటారు, తొట్టెలు సర్దుకుంటారు. నీళ్లు వచ్చేసరికి ఏది ముందు నింపాలో వాళ్లకు తెలిసి ఉంటుంది.

పదకొండు మందినీ మూడు గుంపులు చెయ్యమను. ఒక్కో గుంపుకు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ మిగతావాళ్లు తమలో తాము చీటీల మీద రాసుకుని, తమ వంతు రాగానే ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. ఇంకొక్క సంగతి. లైను చివర ఉన్న ఇంటికి ఎప్పుడూ ఒత్తిడి తక్కువ. నేను ఆ ఇంటి కోసం పది నిమిషాలు ముందుగా, మిగతా వాల్వులన్నీ కట్టి, ఒక్క ఆ వైపే తెరిచేవాణ్ణి. ఇది రూల్స్‌లో లేదు. పైవాళ్లకు చెప్పలేదు కూడా. ఆ పళ్ల డాక్టర్ దగ్గరి అమ్మాయికి మొదటి వంతు ఇవ్వండి.

మూడు వారాలు నోరు మెదపని మనిషి నోరు తెరిస్తే ఏమంటుందో వినాలని ఉంది. మరిచిపోకుండా రాయి.

మీ అత్తయ్య నీ ఉత్తరం వచ్చిందా అని రోజూ అడుగుతోంది. చదవడానికి కాదు, నేను వరండాలోకి వస్తానని.

మామయ్య

---

జూలై 1, మంగళవారం

మామయ్యకు, మొత్తం పన్నెండు మంది నమస్కారాలతో,

ఎవరినీ తీసెయ్యలేదు. మీ వంతుల పద్ధతి పెట్టాం. లైబ్రేరియన్ గారు గోడ గడియారం తెచ్చి బల్ల మీద పెట్టారు. బస్సు అక్కకు ఇరవై నిమిషాలు మౌనంగా ఉండటం ఎంత కష్టమైందంటే చీటీలు రాసి రాసి పెన్సిల్ విరిచేసింది.

ఇక మీరడిగింది. పళ్ల డాక్టర్ దగ్గరి అమ్మాయికి మొదటి వంతు ఇచ్చాం. చాలా నెమ్మదిగా, "ఆ మాటలు ఎవరివో కనుక్కునే ముందు, వాళ్లకవి తిరిగి కావాలో వద్దో అడుగుదామా?" అంది. మూడు నెలలుగా ఆడుతున్నాం, ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. దాంతో ఇప్పుడు కథ మొత్తం దారి మళ్లింది.

ఇంకో సంగతి. మిమ్మల్ని అడగకుండానే మీలాంటి ఒకాయనను ఆటలో పెట్టేశాం. పేరు నీళ్లాయన. ఊళ్లో ప్రతి వాల్వూ ఆయనకు తెలుసు, ఎవరికీ కనపడడు, మాకు ఉత్తరాలు రాస్తాడు. ఆయన ఉత్తరం వచ్చిన ఆదివారం అందరూ ముందే వచ్చి కూర్చుంటున్నారు. కోపం వచ్చిందా?

మీ కోడలు

---

జూలై 8, మంగళవారం

చిట్టీ,

కోపమెందుకు? ముసలితనంలో నాకింకో ఉద్యోగం దొరికింది. ఆయనకు మీసాలున్నాయా? ఉంటే తీసేయండి. వాల్వు గుంటలోకి తల పెట్టేవాడు మీసాలు పెంచడు, గ్రీజు అంటుకుంటుంది. ఆయన చెప్పులు వేసుకోకూడదు, బూట్లు వేసుకోవాలి. ఆయనకు గొంతు ఉందో లేదో నువ్వు రాయలేదు.

నీళ్లాయన గురించి అందరూ తమకన్నీ తెలుసనుకుంటారు. ఆయన బల్ల సొరుగులో ఏముందో ఎవరికీ తెలియదు. ఆ సొరుగులో ఒక మిషను ఉంది. చేతిలో పట్టేంతే ఉంటుంది. మెడకు ఆనించి బటన్ నొక్కి పెదవులు కదిపితే మాట వస్తుంది. మనిషి మాట కాదు. రేకు డబ్బాలో తుమ్మెదను మూసినట్టు ఉంటుంది. అది తెచ్చుకున్న రోజున ఇంట్లో ఒక్కసారి మాట్లాడాడు, ఒకే ఒక్క మాట. ఆ మాట విన్న మనిషి తల దించుకుని గదిలోంచి వెళ్లిపోయింది. ఆ రోజే దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. చెడిపోయిందని ఇంట్లో చెప్పాడు, డాక్టర్‌కీ అదే చెప్పాడు. చెడిపోలేదు. నెలకోసారి తీసి చార్జింగ్ పెడతాడు. ఎందుకు పెడతాడో ఆయనకే తెలియదు.

ఇంతకు ముందు ఇది ఎవరికీ రాయలేదు. ఆటకు పనికొచ్చేది కాదులే. రాయాలనిపించింది, రాశాను.

మామయ్య

---

జూలై 15, మంగళవారం

మామయ్యా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఉత్తరాలను మొదటి నుంచీ బల్ల దగ్గర పైకి చదువుతున్నాను. కడ్డీ సంగతి చెప్పానని రాశాను కానీ ఉత్తరమే చదివానని రాయలేదు. అబద్ధం చెప్పాలని కాదు, మీరు ఇంకోలా రాయడం మొదలుపెడతారేమోనని భయం. పోను పోను కవరు ఇంట్లో విప్పడం కూడా మానేశాను, అక్కడే విప్పితే అందరికీ కొత్తగా ఉంటుందని.

మొన్న ఆదివారం ఆట మొదలయ్యే వేళకు ఒక ఆసుపత్రిలో లిఫ్టు ఆగింది, లోపల ఐదుగురు. సంచీ బల్ల మీదే వదిలి పరిగెత్తాను. కవరు పైకే కనిపిస్తోంది. లైబ్రేరియన్ గారు మామూలుగా విప్పి మామూలుగా చదివారు. నీళ్లాయన, సొరుగు, తుమ్మెద గొంతు మిషను. వాళ్లంతా ఆటలో భాగమనే అనుకున్నారు. మీరు అలాగే రాశారు కదా మామయ్యా. నేను తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. అందరూ లేచి నిలబడి ఉన్నారు. దర్జీ ఆ సొరుగు తాళం తియ్యడానికి పాచికలు గుప్పిట్లో ఊపుతున్నాడు. ఎవరి ముఖాల్లోనూ వేళాకోళం లేదు. అది మాత్రం నమ్మండి.

నేను ఉత్తరం చదివి ఇది ఆట కాదని చెప్పాను. ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు. దర్జీ పాచికలు జేబులో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తప్పు వాళ్లది కాదు, నాది. అత్తయ్యకు ఏమీ చెప్పలేదు, చెప్పను.

మీ కోడలు

---

జూలై 28, సోమవారం

మామయ్యా,

మీ దగ్గర్నుంచి కబురు లేదు. ఫోన్ చేస్తే అత్తయ్య మీరు బాగున్నారంది. నా మీద కోపమా అంటే, "కోపమైతే పళ్లేలు చప్పుడవుతాయి, అవడం లేదు" అంది. నాకింకా భయమేసింది.

రెండు ఆదివారాలుగా ఆట లేదు. ఆగస్టు నాలుగు నుంచి రెండు వారాలు కొత్త లిఫ్టుల శిక్షణకు కంపెనీ నన్ను వేరే ఊరు పంపుతోంది. ఒక్క ముక్క రాయండి. తిట్టినా సరే.

మీ కోడలు

---

ఆగస్టు 1, శుక్రవారం

చిట్టీ,

తిడదామనే కూర్చున్నాను. పది రోజులు కోపంగానే ఉన్నాను. పదకొండో రోజున ఒక ప్రశ్న పట్టుకుంది, ఇక వదలడం లేదు. ముందు కోపం సంగతి రాస్తాను.

గొంతు పోయినప్పటి నుంచి నా బదులు అందరూ మాట్లాడుతున్నారు. డాక్టర్ నన్ను చూడకుండా మీ అత్తయ్యను అడుగుతాడు. మంగలి కూడా ఆమెనే అడుగుతాడు. ఆవిడ నా తరఫున "అక్కర్లేదండీ" అంటుంది, నాకేమో కావాలి. నువ్వొక్కదానివి నన్నే అడుగుతున్నావని, నేనే జవాబు చెబుతున్నానని అనుకున్నాను. చివరికి నువ్వూ నన్ను పదకొండు మందికి వినిపించావు. నన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకునేవాణ్ణేమో. అదే బాధ.

ఇక ప్రశ్న. వాళ్లు ఆ సొరుగు ఎందుకు తెరవాలనుకున్నారు? తెరిచి ఆ మిషనుతో ఏం చేద్దామనుకున్నారు? నువ్వు సగంలో వచ్చి ఆపేశావు. నేను దాన్ని నెలకోసారి చార్జింగ్ పెడుతూ ఏం చెయ్యాలో తెలియక మూసేస్తున్నాను. ఏ సంబంధమూ లేని పదకొండు మంది లేచి నిలబడి మరీ దానికేదో పని కల్పించారంటున్నావు. ఆ పనేమిటో నాకు తెలియాలి.

నీ జవాబు వద్దు. వాళ్లనే అడుగుతాను. ఆ గది అడ్రసు పంపు.

మామయ్య

---

ఆగస్టు 5, మంగళవారం

మామయ్యా,

మీ ఉత్తరం నేను బయల్దేరేముందే అందింది, చూసి ఎంత తేలికపడ్డానో. అడ్రసు కింద రాశాను. లైబ్రేరియన్ గారి పేరు మీద ఉత్తరం రాయండి, ఆవిడే అందరి తరఫునా జవాబు రాస్తారు. పదో తేదీ ఆదివారం మళ్లీ కలుస్తున్నారట. ఆ సొరుగు మాత్రం ఇక తెరవకూడదని ఆవిడ అందరితో ఒట్టు వేయించుకున్నారు.

మీకు స్వయంగా రావాలని ఉంటే పదిహేడు దాకా ఆగండి. అప్పటికి నేను వచ్చేస్తాను. స్టేషన్‌కొచ్చి తీసుకెళ్లి, మీరు రాసింది నేను చదివి వినిపిస్తాను.

మీ కోడలు

---

ఆగస్టు 12, మంగళవారం

చిట్టీ,

పదిహేడు దాకా ఆగలేదు. నువ్వు చదివి వినిపిస్తానన్నావు చూడు, అందుకే ఆగలేదు. నువ్వు లేని ఆదివారమే కావాలనుకున్నాను. నీ దగ్గరికి వెళ్తున్నానని మీ అత్తయ్యకు కాగితం మీద రాసి ఇచ్చి, పొద్దున రైలెక్కాను. మిషను సంచీలో పెట్టుకున్నాను. మాట్లాడటానికి కాదు, వాళ్లు తెరవాలనుకున్న వస్తువు కదా, చూపించి వద్దామని.

ఫొటో స్టూడియో మెట్లు పద్దెనిమిది. ఆపరేషన్‌లో మెడకు పెట్టిన కన్నంతో గాలి పీలుస్తూ ఎక్కేవాడికి పద్దెనిమిదంటే తక్కువ కాదు. తలుపు తీసింది దర్జీ. నేనెవరో రాసిన కాగితం చూపించాను. ఆయన నా ముఖం చూడలేక నా చొక్కా కాలరు చూస్తూ, కుట్టు ఊడిందని, ఇప్పుడే వేసిస్తానని అన్నాడు. నిజంగానే సూది తీసి వేసిచ్చాడు. అదీ మాకు జరిగిన పరిచయం.

పలక తీసుకెళ్లాను. సొరుగు ఎందుకు తెరవాలనుకున్నారని రాసి అందరికీ తిప్పి చూపించాను. అందరూ నన్ను ఆసుపత్రిలో మంచం మీద వాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఆ చూపు నాకు ఇంటి దగ్గర బోలెడు దొరుకుతుంది, దానికోసం రైలెక్కక్కర్లేదు. చివరకు పళ్ల డాక్టర్ దగ్గరి అమ్మాయి చెప్పింది. పైపులో చిక్కుకున్న మాటలకు నోరు లేదట. ఎవరి మాటనైనా పైకి అనగలిగేది ఆ మిషనొక్కటేనట. అందుకని నీళ్లాయనను బతిమాలి అడిగి, వాటి తరఫున ఆ మాటలవాళ్లను తిరిగి కావాలో వద్దో అడుగుదామనుకున్నారట. "దొంగతనం చేద్దామనుకోలేదండీ. తాళం తీసింతర్వాత మిమ్మల్నే అడుగుదామనుకున్నాం" అంది. అడగాల్సింది తాళం తీసేముందు కదా అని పలక మీద రాశాను. ఆ అమ్మాయి నవ్వేసింది. అక్కడ ఎవరైనా నవ్వడం అదే మొదలు.

తర్వాత ఆడమన్నాను. నన్ను పక్కన కూర్చోబెట్టి మొదలుపెట్టారు గానీ అందరూ గుసగుసలాడుతున్నట్టే ఆడుతున్నారు. బస్సు ఆవిడ కూడా గొంతు తగ్గించింది. నా వంతు వస్తే నేను రాసేదాకా ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూస్తారు. నేను రాయడం మొదలుపెట్టేసరికి గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఇలాగైతే నాలుగు గంటల రైలుకే పోదామనుకున్నాను.

అప్పుడు జరిగింది. మాటలన్నీ చిక్కుకున్న పెద్ద లైను దొరికింది. బస్సు ఆవిడ వంతు. ఇంతసేపూ కాళ్లు కట్టేసినట్టు ఉన్న మనిషి, ఇక ఆగలేక, పెద్ద వాల్వు పట్టుకుని ఒక్క ఊపున మొత్తం తెరిచేస్తున్నానంది. చిట్టీ, మాటలే తప్ప అందులో నీళ్లు లేవు, నిండా గాలి. గాలి తియ్యకుండా పెద్ద వాల్వు ఒక్కసారిగా తెరిస్తే పైపు పగులుతుంది. నేను పనిలో చేరిన కొత్తలో ఒక వీధి మొత్తం అలా లేచిపోవడం చూశాను. పలక తీశాను. సుద్ద దొరకలేదు. ఆవిడ అప్పటికే పాచికలు చేతిలోకి తీసుకుంది. బల్ల మీద చరిచాను. చప్పట్లనుకున్నారు. ఇంకేం తోచలేదు. సంచీలోంచి మిషను తీసి మెడకు ఆనించి, "ఆగు" అన్నాను.

గదిలో తుమ్మెద మోగింది. బస్సు ఆవిడ నా వైపు తిరిగి, "ఎందుకాగాలి?" అంది. ఎలా అనుకున్నావు, దారికి అడ్డం వచ్చిన లారీవాడితో అన్నట్టు. జాలి లేదు, మర్యాదా లేదు. నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. గాలి వాల్వు ముందు తియ్యాలన్నాను. అదెక్కడుందంది. గట్టు మీద ఉంటుందన్నాను. అంత దూరం తన మనిషి నడవలేదంది. నడవలేని మనిషి వాల్వు జోలికి పోకూడదన్నాను. పావుగంట పోట్లాడుకున్నాం. దర్జీ ఆవిడ వైపు, మిగతావాళ్లు నా వైపు. లైబ్రేరియన్ గారు గడియారం చూడటం మరిచిపోయారు. చివరికి కొరియర్ ముసలమ్మ వెళ్లి తీస్తుందని నీ మనిషిని గట్టు మీదికి పంపేశారు. నీకు కాళ్లు నొప్పి పెడితే నా తప్పు కాదు, పాచికలలో ఆరు పడింది.

మాటలు నెమ్మదిగా వదిలాం, ఎవరివి వాళ్లకు చేరాయి. ఇద్దరు మాత్రం తమవి వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో వచ్చే వారం తెలుస్తుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున మీ అత్తయ్య ఎదురుగా మిషను పెట్టాను. చెడిపోలేదని, అబద్ధం చెప్పానని దాంతోనే చెప్పాను. ఆ రోజు ఎందుకు లేచి వెళ్లిపోయావు, ఈ శబ్దం అంత భయంగా ఉందా అని అడిగాను. ఈ ఏడాదిన్నరలో ఆ ప్రశ్న అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆసుపత్రిలో మిషను ఇచ్చినమ్మాయి నాతో ఆ రోజు, "ఇంటికెళ్లి మీ వాళ్ల పేరు ఒకటి అనండి" అంది. అందుకని మీ అత్తయ్య పేరు అన్నాను. నేనన్న ఒకే ఒక్క మాట అదే.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "శబ్దం సంగతి నాకేం తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచారా? ఇదిగో, ఏమోయ్, విన్నావా, అంతే కదా. ఆ రోజు ఎవరినో పిలుస్తున్నారనుకున్నాను. నన్నే అని తెలిశాక ఎటు చూడాలో తెలియలేదు. వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. మళ్లీ పిలుస్తారేమోనని చాలాసేపు నిలబడ్డాను. మీరు పిలవలేదు" అంది.

ఈ ఉత్తరం రాస్తూ ఇప్పటికి రెండుసార్లు పిలిచాను. మొదటిసారి పలకలేదు. రెండోసారి, "ముందు కిటికీ వెయ్యండి, పక్కింటివాళ్లు వింటారు" అంది.

కిటికీ వెయ్యలేదు.

మామయ్య